ఉస్తాద్‌కు వినపడని చప్పుడు

మణుగూరులో బండి మొరాయిస్తే జనం మొదట అడిగే మాట "మజహర్‌కు వినిపించినవా?" అని. చూపించినవా అని కాదు. మెకానిక్కులంతా బండిని చూస్తారు, మజహర్ మాత్రం వింటాడు. స్టాండు వేయించి, రేసు ఇమ్మని, కళ్లు మూసుకుని, స్క్రూడ్రైవరు కొన ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కాసేపు అలా ఉండిపోతాడు. తర్వాత లేచి "టైమింగ్ చైన్" అనో, "క్లచ్" అనో ఒక్క మాట అనేసి చాయ్ తాగడానికి పోతాడు. విప్పి చూస్తే అదే అయి ఉంటుంది. విప్పి బాగుచేసినందుకు పైసలు తీసుకుంటాడు గాని, విన్నందుకు తీసుకోడు. "అల్లా ఇచ్చిన చెవికి నేను కిరాయి వసూలు చెయ్యాల్నా?" అంటాడు.

అలా ఇరవై ఏళ్లు గడిచాయి. గనుల కాలనీల నుంచి, అడవిలోని గూడేల నుంచి, తండాల నుంచి బండ్లు వచ్చేవి. గూడేలవాళ్లు దారి పొడవునా కోయభాషలో ఏదో తర్కించుకుంటూ వచ్చి, అతని ముందుకొచ్చాక తెలుగులోకి మారి "ఉస్తాద్, జర ఇను" అనేవారు. నిజం చెప్పాలంటే అందులో కొంత నాటకం కూడా ఉంది. బండి మలుపు తిరిగేటప్పుడే జబ్బేమిటో తెలిసిపోయినా కళ్లు మూసుకునే తతంగం అతను మానేవాడు కాదు. ఊరంతా ఉస్తాద్ అంటున్నప్పుడు ఆ మాత్రం టెక్కు లేకపోతేనే తప్పు.

ఆ చెవి పోవడం మొదలుపెట్టింది. మొదట ఎడమది. పోతోందని మజహర్ ఒప్పుకోలేదు, లోకంలో తప్పులు వెతికాడు. మసీదు మైకు పాడైందని కమిటీ పెద్దలతో పేచీ పెట్టుకున్నాడు. ఫోన్లలో సిగ్నల్ సరిగా ఉండడం లేదన్నాడు. ఈ కాలపు బండ్లు భలే మెత్తగా నడుస్తున్నాయని కంపెనీలను మెచ్చుకున్నాడు కూడా. ఒకరోజు భార్య ఇస్మత్ పొయ్యి మీద కుక్కరు పెట్టి, మూడు కూతలు రాగానే దించమని చెప్పి పక్కింటికి వెళ్లింది. మజహర్ దాని ఎదురుగానే కూర్చున్నాడు. ఆవిరి బుసబుసా చిమ్ముతుంటే కళ్లారా చూశాడు. కూత మాత్రం రాలేదనుకున్నాడు. ఆమె తిరిగొచ్చేసరికి పప్పు అడుగంటి ఇల్లంతా మాడు వాసన. కుక్కరు విజిల్ పాడైందని వాదించి, బజారుకు పోయి కొత్తది కొనుక్కొచ్చి బిగించాడు. అదీ కూయలేదు. అప్పుడు తెలిసింది అతనికి.

ఆనాటి నుంచి మజహర్‌కు ఒకచోట కాలు నిలవలేదు. షాపులో కూర్చుంటే ఇంటికి పోవాలనిపించేది, ఇంటికొస్తే షాపు గుర్తొచ్చేది. కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. గోడ గడియారం దించి ఎడమ చెవికి ఆనించి చూసుకునేవాడు, మళ్లీ కుడి చెవికి. నల్లా తిప్పి నీళ్ల చప్పుడు ఎంత దూరం దాకా వినపడుతుందో అని వాకిట్లోకి వెనక్కి వెనక్కి నడిచేవాడు. నిన్న వాకిలి దాకా వినపడింది ఇవ్వాళ గడప దగ్గరే ఆగిందని అనుమానం వస్తే, ఆ పూట అన్నం సహించేది కాదు. దవాఖానాకు పోదామా అంటే డాక్టరు ఆ మాట పైకి అనేస్తాడని భయం.

అతని భయం చెవి గురించి కాదు. చెవి పోతే మజహర్‌లో ఇంకేం మిగులుతుందన్నది అతని భయం. స్పానర్లు తిప్పేవాళ్లు ఊళ్లో బోలెడుమంది. కోటేష్ కూడా తిప్పుతాడు. ఈ కోటేష్ అతని దగ్గర పని నేర్చుకుని, పెళ్లయ్యాక ఒకరోజు "ఉస్తాద్, నేను సొంతంగ పెట్టుకుంటున్న" అని చెప్పి బస్టాండు దగ్గర షాపు తెరిచినవాడు. పని నేర్పిన చెయ్యి అడగకుండా కూలి పెంచి ఉంటే వాడు పోయేవాడు కాదేమో గాని, మజహర్‌కు ఆ ఆలోచన ఎప్పుడూ రాలేదు. వాడు పోయిన నాటి నుంచి ఆ షాపు ముందు నుంచి వెళ్లేటప్పుడు మెడ అటు తిప్పేవాడు కాదు. వినే విద్య వాడికి తనే నేర్పాడు.

ఎండలు ముదిరి బీడీలకు వాడే తునికాకు కోత మొదలైంది. ఆ రోజుల్లో అడవి పక్క మెకానిక్‌కు ఊపిరాడదు. కోసిన ఆకు కట్టలు కల్లానికి చేర్చేదీ, కల్లం నుంచి మనుషులను తిప్పేదీ అన్నీ బండ్లే. ఆ హడావుడిలో కరకగూడెం అవతలి తండా నుంచి భీమ్లా వచ్చాడు. బండి వెనకనుంచి ఏదో గరగరమంటోందన్నాడు. మజహర్ కళ్లు మూసుకున్నాడు. స్క్రూడ్రైవరు పెట్టాడు. ఏమీ తోచలేదు. తోచలేదని చెప్పడానికి నోరు రాలేదు. "చైన్ లూజైంది" అని బిగించి పంపించాడు.

మర్నాడు పొద్దెక్కాక భీమ్లా ఆటోలో దిగాడు. మోకాలి దగ్గర ప్యాంటు చిరిగింది.

"ఉస్తాద్, ఎనక చక్రం బేరింగు పలిగింది" అన్నాడు. "అడవిల చక్రం పట్టేసి పడ్డం. పూలి మోచెయ్యి గీరుకపోయింది. ఆకు కట్టలన్నీ రోడ్డు మీదనే ఉన్నయి."

పూలి అతని భార్య. భీమ్లా కోప్పడలేదు, చైన్ అన్నావు కదా అని నిలదీయలేదు. కోప్పడి ఉంటే మజహర్‌కు కాస్త సుఖంగా ఉండేది. కొత్త బేరింగు, సామాను సంచీలో వేసుకుని, భీమ్లాను తన బండి మీద ఎక్కించుకుని బయల్దేరాడు.

అడవి దారి మొదలై చిన్న ఎత్తు ఎక్కుతుండగా భీమ్లా భుజం తట్టాడు. మజహర్ బండి నెమ్మది చేశాడు. భీమ్లా ముందుకు వంగి కుడి చెవి దగ్గర అన్నాడు.

"ఉస్తాద్, నీ బండి ఏంది గిట్ల కొట్టుకుంటుంది?"

"ఏడ?"

"లోపల. టక్కు టక్కు మంటుంది. గడ్డ ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువైతుంది. నీకు ఎరుకే గద, నేను చెప్పుడేంది."

"అవ్, ఎరుకే" అన్నాడు మజహర్. తేలు కుట్టిన దొంగ ఇంకేమంటాడు.

భీమ్లా బండికి బేరింగు వేసి, పూలికి క్షమాపణ చెప్పే బదులు ఆకు కట్టలు ఎత్తి కట్టడంలో సాయం చేసి, వాళ్లు కనుమరుగయ్యాక మజహర్ తన బండిని ఓ టేకు చెట్టు నీడకు తోశాడు. ఇంజన్ నడుస్తుండగా స్క్రూడ్రైవరు పెట్టి విన్నాడు. ఎడమ చెవిలో శూన్యం. కుడి చెవిలో ఎప్పుడూ ఉండే దడదడ. చివరికి స్క్రూడ్రైవరు పారేసి, వేడికి చర్మం చుర్రుమంటున్నా అరచెయ్యి ఇంజన్ మీద ఆనించాడు. అప్పుడు దొరికింది. దడదడ లోపల ఇంకో దెబ్బ ఉంది. బలమైన దెబ్బ, అడుగు నుంచి వస్తోంది.

పిస్టన్‌ను కిందా పైకీ ఆడించే రాడ్డు అడుగున ఒక బేరింగు ఉంటుంది. అది అరిగితే ఇంజన్ అలా కొట్టుకుంటుంది. అలాగే తోలితే ఏదో ఒకనాడు రాడ్డు విరిగి ఇంజన్ పగులుతుంది. ఇది నిన్నా మొన్నా వచ్చే జబ్బు కాదు, నెలల తరబడి ముదరాలి. ఆ నెలలన్నీ మజహర్ ఆ బండి మీదే మణుగూరు బజారంతా తిరిగాడు. చాయ్ హోటల్ ముందు ఆపాడు, మసీదు ముందు ఆపాడు, కోటేష్ షాపు ముందు నుంచి మెడ తిప్పకుండా ఠీవిగా పోయాడు. ఊరంతా విన్నది. అతనొక్కడే వినలేదు. ఆ ఎండలో, ఆ చెట్టు కింద, మజహర్‌కు చెమటతో పాటు సిగ్గు కూడా పట్టింది.

బండిని షాపులో విప్పితే పదిమంది చూస్తారు. ఉస్తాద్ ఇంజనే ఇలా అయిందా అంటారు. కాబట్టి ఇంట్లోనే దింపాలి. వెనక వసారాలోకి బండిని తోసి, దుప్పటి అడ్డం కట్టాడు. షాపుకు నడిచిపోవడం మొదలుపెట్టాడు. ఎవరైనా అడిగితే బావమరిదికి అవసరమైతే కుసుమంచి పంపించానన్నాడు.

ఇక్కడ ఇస్మత్ గురించి ఒక మాట చెప్పాలి. ఆమెది తిరుమలాయపాలెం. ఉర్దూ, తెలుగు రెండూ సమానంగా వచ్చు గాని రెండింటినీ వేరువేరు పనులకు వాడుతుంది. ఉర్దూలో మొగుణ్ణి మర్యాదగా 'ఆప్' అనాలి, మెత్తగా మాట్లాడాలి. తెలుగులోనైతే 'నువ్వు' అనొచ్చు. అందుకని కోపాలన్నీ తెలుగులోనే. దుప్పటి తెర పక్కకు తీసి చూసి ఆమె తెలుగులోకి దిగింది.

"షాపు ఉండంగ ఇంట్ల ఈ జిడ్డు ఏంది?"

"మెల్లగ మాట్లాడు" అన్నాడు మజహర్. "ఎవరికీ తెల్వద్దు. బండి కుసుమంచి పోయిందని చెప్పు. రాడ్డు పోయిందని ఎవరితోని అనకు."

ఇస్మత్ అతని వంక అదోలా చూసి లోపలికి పోయింది. ఆ చూపుకు అర్థం అతనికి ఆ రోజున తెలియలేదు.

ఇంజన్ దింపి నేల మీద గోనెపట్టా పరిచి విప్పాడు. హెడ్డు తీశాడు, కింద పిస్టన్ ఆడే బోరు తీశాడు, పిస్టన్ బయటికొచ్చింది. రాడ్డును రెండు వేళ్లతో పట్టుకుని పైకి కిందికి లాగి చూశాడు. కదిలింది. కదలకూడదు. వేళ్లకు తెలిసినంత స్పష్టంగా ఈ మధ్య చెవికి ఏదీ తెలియలేదు. ఆ కాస్త కదలికను అతను చాలాసేపు ఆడిస్తూ కూర్చున్నాడు.

ఖర్చు పెట్టే స్తోమత లేదు. భీమ్లా లాంటి వాళ్ల సంగతి ఒకరి నుంచి ఒకరికి పాకి సీజన్లోనే షాపు పల్చబడింది. అందుకని ఏది కొనకపోతే నడవదో అదే కొనాలి, మిగతాది చేతులతో గెలవాలి అనుకున్నాడు. బోరు లోపల గోటితో గీరి చూశాడు, గోరు ఎక్కడా గీతకు తగల్లేదు, బోరు బతికింది. పిస్టన్ పాతదే చాలు, రింగులు మాత్రం కొత్తవి. వాల్వులను పేస్టు రాసి, కర్రకు తగిలించి, మజ్జిగ చిలికినట్టు రెండు అరచేతుల మధ్య తిప్పి తిప్పి కూర్చోబెట్టాడు. ప్యాకింగులు కొనకుండా అట్ట షీటు తెచ్చి, పాతవాటిని దాని మీద పెట్టి గీసి, ఇస్మత్ జాకెట్లు కుట్టే కత్తెరతో కత్తిరించాడు. కత్తెర మొద్దుబారిందని ఆ పూట తెలుగులో చాలాసేపు విన్నాడు. అన్ని మాటలూ వినపడలేదు గాని, భావం అందింది.

పని నడుస్తున్నంతసేపూ బాగుండేది. చెయ్యి ఆగితే మనసు పరుగెత్తేది. సగం కడిగిన సామాను వదిలేసి లేచి వాకిట్లోకి పోయేవాడు, ఎందుకు పోయాడో తెలియక తిరిగొచ్చేవాడు. షాపులో ఎవరైనా బండి తెస్తే వినకుండానే "పెట్టిపో, విప్పి చూస్త" అనేవాడు. విని చెప్పే ఉస్తాద్ విప్పి చూస్తాననడం వాళ్లకు కొత్త. వాళ్లు ముఖముఖాలు చూసుకుంటే అతను వేరే పని ఉన్నట్టు పక్కకు తిరిగేవాడు.

రాడ్డు మార్చడం ఇంట్లో అయ్యే పని కాదు. రాడ్డు బిగించి ఉండే క్రాంకును లేత్ షాపులో ప్రెస్ కింద పెట్టి విడదీసి, కొత్త రాడ్డు ఎక్కించి, మళ్లీ ఒత్తి, తిన్నగా తిరుగుతోందో లేదో చూడాలి. మణుగూరులో ఇస్తే సాయంత్రానికల్లా టముకు వేసినట్టే. అందుకని క్రాంకును బియ్యం సంచీలో చుట్టి కొత్తగూడెం బస్సెక్కాడు. ఒడిలో ఆ బరువు పెట్టుకుని, ఎవరైనా తెలిసినవాళ్లు ఎక్కుతారేమోనని ప్రతి స్టేజీలోనూ తల వంచుకుని కూర్చున్నాడు. బిడ్డను దాచుకుని ఊరు దాటుతున్నవాడికి కూడా అంత బెదురు ఉండదు.

లేత్ షాపు ఆసామి వయసులో చిన్నవాడు. క్రాంకు తీసుకుని ప్రెస్ దగ్గరికి పోయి, పని చేస్తూ చేస్తూ ఏదో అడిగాడు. మజహర్ ఎడమపక్కన నిలబడి ఉన్నాడు. మళ్లీ అడిగాడు. మజహర్ ప్రెస్ వంకే చూస్తున్నాడు. ఆసామి పని ఆపి వచ్చి భుజం కుదిపాడు.

"ఏంది పెద్దమనిషి, చెవుడా? అప్పటిసంది అడుగుతున్న. పిన్ను కూడ కొత్తదేనా, పాతదే ఒత్తాల్నా?"

ఆ మాట పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అతన్ని అనలేదు. అన్నవాడికి ఇతను ఎవరో తెలియదు, ఇతని చెవికి అడవి అవతలి నుంచి బండ్లొచ్చేవని తెలియదు. పనికి అడ్డమొచ్చిన చెవిటి ముసలాడు, అంతే.

"కొత్తదే" అన్నాడు మజహర్. "ఈ మిషన్ల సప్పుడుల ఎవరికి ఇనపడ్తది."

"నాకు ఇనపడుతుంది గద" అన్నాడు ఆసామి, వెటకారం లేకుండా, మళ్లీ పనిలోకి పోతూ.

తిరుగు బస్సులో మజహర్ రెండుసార్లు సీటు మారాడు. ఎక్కడ కూర్చున్నా ఆ మాటే పక్కన కూర్చుంది. బస్సు దిగి ఇంటికి పోకుండా గనుల దారి వెంట ఊరికే నడిచాడు. బొగ్గు లారీలు పక్క నుంచి పోతుంటే దుమ్ము మొహానికి కొట్టాక గాని వచ్చినట్టు తెలియలేదు. ఒక లారీవాడు కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో తిట్టాడు. ఏం తిట్టాడో తెలియలేదు.

బిగింపు మొదలైంది. క్రాంకు కూర్చోబెట్టి కేసు మూయడం, బోరు దించడం ఒక్కడే చేసుకున్నాడు. టైమింగ్ చైన్ దగ్గర ఇంకో మనిషి చెయ్యి కావాలి. పళ్ల చక్రం మీది గీతను గుర్తుకు ఎదురుగా నిలిపి, అది జరగకుండా ఒకరు పట్టుకుంటే ఇంకొకరు బోల్టు బిగించాలి. ఇస్మత్ కొంగు దోపుకుని వచ్చి కూర్చుంది.

"గీతను కదలనియ్యకు. గట్టిగ పట్టు. అట్ల కాదు. ఇస్మత్, అట్ల కాదంటున్న గద."

ఆమె చక్రాన్ని వదల్లేదు గాని తల ఎత్తి అతని వంక చూసింది.

"ఎందుకు అరుస్తున్నవ్?"

"నేనెక్కడ అరుస్తున్న? మెల్లగనే చెప్తున్న."

"నువ్వు అరుస్తున్నవ్. ఏడాది సంది అరుస్తున్నవ్. రాడ్డు పోయిందని ఎవరితోని అనకు అని నా చెవుల చెప్పిన అనుకున్నవు గద, ఆనాడు నల్లా కాడ నీళ్లు పడుతున్న ఆడోళ్లంతా నవ్విన్రు. బండి కుసుమంచి పోయిందని చెప్పు అని నువ్వే అరిచి చెప్తివి. గల్లీల చిన్నపిల్లలకు సుత ఎరుక నీ ఇంజన్ సంగతి."

గోడలకు చెవులుంటాయంటారు. గోడల దాకా ఎందుకు, మజహర్ తన గుట్టును తానే గొంతెత్తి ఊరికి చాటాడు. దుప్పటి తెర, కొత్తగూడెం బస్సు, బియ్యం సంచీ అన్నీ దండగ. అతని చేతిలో స్పానరు అలాగే ఉండిపోయింది.

"అయితే నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన" అంది ఇస్మత్. ఈసారి గొంతు తగ్గిందని ఆమె పెదాలను బట్టి పోల్చుకున్నాడు. "ఎన్నోసార్లు చెప్పిన. దవాఖానాకు పోదామని కూడ చెప్పిన. మనసు నొచ్చుకుంటదని ఉర్దూల మెల్లగ చెప్పిన. నీకు ఇనపడలే."

మజహర్‌కు ఏడుపొచ్చింది, మింగేశాడు. తర్వాత, ఈ ఊళ్లో తనకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న అడిగాడు.

"కోటేష్‌కు?"

"మొన్న పాలపాకెట్ల కాడ కలిసిండు. ఉస్తాద్ రాడ్డు ఏసిండా భాభీ అని అడిగిండు. బోల్టు బిగియ్యి, నా వేళ్లు నొస్తున్నయి."

అతను బోల్టు బిగించాడు.

మర్నాడు పొద్దున్నే ఇంజన్ ఎక్కించి, కొత్త ఆయిల్ పోసి, కిక్కు కొట్టాడు. మొదట అసలు ఉలుకూ పలుకూ లేదు. ప్లగ్గు తీసి తుడిచి మళ్లీ కొట్టాడు. పాదం నొప్పెట్టే దాకా కొట్టాక ఒక్కసారి ఒళ్లు విరుచుకుని అంటుకుంది. మజహర్ ఇంజన్ వంక చూడలేదు. ఇస్మత్ ముఖం వంక చూశాడు.

"సప్పుడు పోయిందా?"

"పోయింది" అంది ఆమె.

చాలా తొందరగా అంది. ఆమె ఎంత నెమ్మదిగా అంటే నమ్మేవాడో అతనికే తెలియదు గాని, అంత తొందరగా అనకూడదు. పాతబండ్లు అమ్మే బ్రోకర్లు ఇంజన్ కొట్టుకుంటుంటే చిక్కటి ఆయిల్ పోసి అమ్ముతారు. కొన్నాళ్లు చప్పుడు అణిగి ఉంటుంది, కొన్నవాడు సంబరపడతాడు. అలాంటి వాళ్లను మజహర్ జీవితమంతా అసహ్యించుకున్నాడు. ఇప్పుడు తన మీద ప్రేమతో ఇస్మత్ ఆ మాటతో ఒక డబ్బా చిక్కటి ఆయిల్ పోసిందేమోనని అనుమానం పట్టుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. అయినా అనుమానం పోలేదు.

బండెక్కి ఊరి బయటి దాకా పోయాడు. చేతులకు హ్యాండిల్ మెత్తగా ఉంది. పాదాల కింద ఆ దెబ్బ లేదు. ఎత్తు ఎక్కించాడు, లేదు. చేతులు, కాళ్లు బాగుందంటున్నాయి. కాని ఇరవై ఏళ్లుగా అతని ఒంట్లో తీర్పు చెప్పింది చెవి. చెవి నోరు మూసుకుని కూర్చుంటే ఈ తీర్పును ఎవరు ఒప్పుకోవాలి? తానే ఒప్పుకోలేకపోతున్నాడు. ఈ ఇంజన్ మంచిదో కాదో తెలియకుండా రేపు ఇంకొకడి బండి ఎలా ముట్టుకోవడం? ఇంకో పూలి కింద పడితే? తిరిగాడు, మళ్లీ తిరిగాడు, ఊరి చుట్టూ పిచ్చివాడిలా మూడు దారులు తిరిగాడు. దయ చూపకుండా నిజం చెప్పే చెవి కావాలి. అలాంటి చెవి ఊళ్లో ఒక్కటే ఉంది. ఆ చెవిని తయారుచేసింది తనే.

బస్టాండు దగ్గర కోటేష్ షాపు కిటకిటలాడుతోంది. తునికాకు మనుషులు, వాళ్ల దుమ్ముకొట్టుకున్న బండ్లు. మజహర్ వచ్చి ఆగడం చూసి మాటలు ఆగిపోయాయి. ఆగిపోవడం అతనికి కళ్లతో తెలిసింది. నోళ్లన్నీ కదలడం మానేశాయి. ఇంజన్ ఆపకుండానే స్టాండు వేసి దిగాడు.

కోటేష్ గ్రీజు చేతులతోనే లేచి నిలబడ్డాడు.

"కోటేష్, దీన్ని జర ఇను" అన్నాడు మజహర్. ఎంత గట్టిగా అంటున్నాడో తెలియలేదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. "నా ఎడమ చెవి పోయింది. కుడిది కూడ పోతుంది. రాడ్డు నేనే ఏసిన. సప్పుడు ఉన్నదో లేదో నాకు తెల్వదు."

ఎవరూ నవ్వలేదు. కోటేష్ అతని ముఖంలోకి ఓ క్షణం చూసి, బండి పక్కన గొంతుకూర్చున్నాడు. కళ్లు మూసుకోలేదు. నాటకం వాడికి అబ్బలేదు. చెవి దగ్గరగా పెట్టి, రేసు ఇచ్చి, వదిలి, మళ్లీ ఇచ్చి విన్నాడు. చాలాసేపు విన్నాడు. మజహర్ రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి జేబులో పెట్టాడు, ఒకసారి వెనక్కి కట్టుకున్నాడు. ఇన్నేళ్లు తను కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు ఎదురుగా నిలబడ్డవాళ్లు పడ్డ యాతన ఇదన్నమాట అనుకున్నాడు.

కోటేష్ ఏదో అన్నాడు. మజహర్‌కు అందలేదు. కోటేష్ లేచి చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చి నిలబడి మళ్లీ చెప్పాడు.

"రాడ్డు మంచిగ కూసున్నది ఉస్తాద్. ట్యాపెట్ లూజుంది."

"ట్యాపెట్ నేను సరిగనే పెట్టిన."

"లూజుంది ఉస్తాద్."

మజహర్‌కు ఒళ్లంతా తేలికైంది. తప్పుంది అని చెప్పాడు. దాచలేదు, బుజ్జగించలేదు, ఉస్తాద్ అని మొహమాటపడలేదు. వాల్వును తట్టే ఆ చిన్న స్క్రూను ఇంజన్ నడుస్తుండగానే సరిచేయడం పాతకాలపు పద్ధతి. మజహర్ స్పానరు అడిగి తీసుకుని, కింద కూర్చుని, ఆయిల్ చిమ్ముతున్నా లెక్కచేయకుండా మూత తీసి తిప్పడం మొదలుపెట్టాడు. కోటేష్ అతని కుడి చెవి పక్కన వంగాడు.

"ఇంక జర... ఇంక... వద్దు, ఎక్కువైంది. ఎనక్కి తే... ఆపు."

ఆ చెయ్యి ఇంకొకరి మాట మీద ఆగడం అదే మొదలు. మూత బిగించి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నడుస్తున్న ఇంజన్ ముందు అలాగే కూర్చున్నాడు.

"ఇప్పుడు ఎట్లుంది? చెప్పు" అన్నాడు.

కోటేష్‌కు మాటలు తక్కువ. ఇంజన్ వంక చూసి, ఆలోచించి, మళ్లీ వంగి అన్నాడు.

"ఏం సప్పుడు లేదు ఉస్తాద్. బండి నడుస్తున్నట్టే లేదు."

మజహర్ తలూపాడు.

"అవ్" అన్నాడు. "నాకు కూడ గట్లనే ఉంది."